వంటక్క అడిగిన ప్రశ్న

పోయిన నెల ఒక పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, నేను. మీ హాస్టల్ల వంట చేసేది గదా, ఆమె బిడ్డను. అమ్మ పోయింది."

ఆ పిల్ల గొంతులో ఏడుపు లేదు. ఎవరెవరికి చెప్పాలో తల్లి ముందే రాయించి పెట్టిందట. ఆ కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తోంది. "ఇంకా చానామంది ఉన్నరక్కా, పెడుతున్న" అని పెట్టేసింది.

నేను చెప్పులు వేసుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు. తగ్గకముందే ఆమె గురించి రాయాలని కూర్చున్నాను. చల్లబడ్డాక రాస్తే ఆమెను త్యాగమూర్తిని చేసి, దండేసి, గోడకు తగిలించేస్తాను. ఆమె అలాంటి మనిషి కాదు. ఆమెకు చాలా కోపం.

అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఉండేది మా హాస్టల్. గ్రూప్స్ పరీక్షలకు చదివే ముప్పైమంది ఆడపిల్లలం, గదికి నలుగురం. పొద్దున కోచింగ్, మధ్యాహ్నం చిక్కడపల్లి లైబ్రరీ, సాయంత్రం మళ్ళీ అవే పుస్తకాలు. మాకు మూడు పూటలా వండిపెట్టేది ఆమె. పాలమూరు వైపు నుంచి పెళ్ళయిన కొత్తలో భర్తతో కలిసి కూలిపనికి హైదరాబాద్ వచ్చింది. భర్తది సెంట్రింగ్ పని. రాంనగర్ బస్తీలో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళు. ఒక్కతే బిడ్డ, వాళ్ళ ఊరి దగ్గర గురుకులంలో చదివేది. ఈ నాలుగు ముక్కలకు మించి మాకు ఏమీ తెలియదు. అందరం వంటక్క అనేవాళ్ళం. అసలు పేరు నేను ఆస్పత్రి చీటీ మీద చూసి తెలుసుకున్నాను, ఆమె చేతి అన్నం రెండేళ్ళు తిన్న తర్వాత. అందుకే ఇక్కడ ఆ పేరు రాయడం లేదు. దాన్ని వాడుకునే హక్కు నాకు ఉందనిపించడం లేదు.

అన్నం వేళకు గంటెతో బగోనె మూత మీద రెండు దెబ్బలు వేసేది. పై అంతస్తు దాకా వినిపించేది. మూడో దెబ్బ పడిందంటే కోపం వచ్చిందని మాకు అర్థం. నాలుగోది ఉండదు, తనే మెట్లెక్కి వచ్చేది.

"ఏంది, తినకుంట సదివి ఏం ఉద్ధరిస్తరు? కడుపుల ఏం లేకుంటే తలకాయల ఏం నిలుస్తది? నడుండ్రి కిందికి!"

మొదటిసారి అడగకుండానే కంచం నిండా వడ్డించేది. రెండోసారి కూర కావాలంటే మాత్రం గంటె వెనక్కి లాక్కునేది. "ఇయ్యాల ఏం సదివినవ్? ఒక్క ముచ్చట చెప్పు."

చెప్పాల్సిందే. ఆమెకు చదువు రాదు, బ్యాంకులో వేలిముద్ర వేసేది. కానీ మేం చెప్పింది ఒక్కటీ మర్చిపోయేది కాదు. నచ్చకపోతే "గిది కూరకు సాలదు, ఇంకోటి చెప్పు" అనేది. ఒకరోజు ఒకమ్మాయి కృష్ణానది మహాబలేశ్వరం దగ్గర పుడుతుందని చెప్పింది. వంటక్క గంటె గాలిలోనే ఆపింది.

"మా ఊరి పక్కపొంటే పోతది. మా చేన్లకు మాత్రం సుక్క రాలె. గది కూడ ఉన్నదా మీ పుస్తకంల?"

"లేదక్కా."

"మరేం పుస్తకమే అది" అని కూర వేసింది.

రెండు నెలల తర్వాత ఇంకో అమ్మాయి తొందరలో కృష్ణ పుట్టింది నాసిక్ దగ్గర అని చెప్పింది. వంటక్క గంటె తీసి బగోనెలో పెట్టేసింది. "నాసిక్ గోదారిది. కృష్ణది మహాబలేశ్వరం. పో, సరిగ్గ సదువుకొని రా." ఆ పిల్ల నవ్వుతూ పచ్చడితో తిని లేచింది.

పరీక్ష వాయిదా పడిందని తెలిసిన రోజు మేం మంచాల మీద పడి ఏడిస్తే ఆమె వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేసింది. "వాయిదా ఏసెటోని బిడ్డ ఈడ ఉండి సదివితే తెలుస్తది" అని గంటసేపు తిట్టింది. ఎవరినో తెలియదు, కానీ మా తరఫున అంత గట్టిగా తిట్టిన మనిషి ఆ ఊళ్ళో ఇంకొకరు లేరు. ఆ సాయంత్రం మాత్రం ముచ్చట అడగకుండానే అందరికీ రెండోసారి వడ్డించింది.

నేను హాస్టల్లో చేరిన రెండో ఏడాదిలో ఆమె ముదురు రంగు చీరలే కట్టడం మొదలుపెట్టింది. ఎప్పుడూ నిలబడి వడ్డించే మనిషి బకెట్ బోర్లించుకుని దాని మీద కూర్చోసాగింది. వంటింటి వెనక తీగ మీద పాత చీర ఆరేసి, దాని కింద బట్టముక్కలు ఆరబెట్టేది. నేను ఇవన్నీ చూశాను. చూసి, పైకి పోయి చదువుకున్నాను.

ఒక మధ్యాహ్నం లైబ్రరీ నుంచి ఆలస్యంగా వచ్చాను. అందరూ తినేసి వెళ్ళిపోయారు. ఆలుగడ్డ కూర ఇంకొంచెం కావాలన్నాను. ముచ్చట చెప్పమన్నది. ఆ రోజు నేను చదువుతున్నది కరెంట్ అఫైర్స్‌లో ఆరోగ్యం భాగం.

"గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అక్కా. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తది. దానికి టీకా ఉన్నది, ఆడపిల్లలకు చిన్నప్పుడే వేయాలె."

"గర్భాశయ... ఏందది?"

"గర్భసంచి మూతి."

ఆమె గంటె పట్టుకుని అలాగే నిలబడింది. "అది వస్తే ఏమైతది?"

"అంటే?"

"అంటే ఏందే? వచ్చిందని ఎట్ల తెలుస్తది? మనిషికి ఏమైతది?"

నేను పుస్తకం తెరిచాను. ఏ వైరస్ వల్ల వస్తుందో ఉంది. ఏ టీకాయో ఉంది. ఏ వయసులో వేయాలో ఉంది. మనిషికి ఏమవుతుందో లేదు.

"బిట్‌ల గంతే ఉన్నదక్కా" అన్నాను.

ఆమె సాలదనలేదు. కంచంలో కూర వేసి వంటింట్లోకి పోయింది.

నా చేతిలో ఫోన్ ఉంది. నిమిషం వెతికితే దొరికేది: ముట్టు కాని రోజుల్లో రక్తం పడటం, భర్తతో కలిసిన తర్వాత రక్తం పడటం, వాసనతో తెల్లబట్ట కావడం, నడుము నొప్పి. నేను వెతకలేదు. చేయి కడుక్కుని గదికి పోయి నేలల రకాలు చదివాను. తర్వాత పరీక్షలో ఆ వైరస్ ప్రశ్న నిజంగానే వచ్చింది. సరిగ్గా పెట్టాను. ఒక మార్కు వచ్చింది.

ఇది జరిగిన మూడు నెలలకు ఒక పొద్దున ఎంతకూ మూత మోగలేదు. నేను కిందికి దిగాను. వంటక్క వంటింటి గచ్చు మీద కూర్చుని చెంబుతో నీళ్ళు పోసి కడుగుతోంది. నీళ్ళు ఎర్రగా మోరీ వైపు పోతున్నాయి.

"లోపలికి రాకు, తడిగున్నది, జారుతవ్" అని కసిరింది.

"ఎప్పటి నుంచక్కా?"

ఆమె చాలాసేపు గచ్చు కడుగుతూనే ఉంది. "యాడాది దాటింది" అన్నది చివరికి.

బియ్యం డబ్బా వెనక నుంచి ఒక ప్లాస్టిక్ కవర్ తీసి ఇచ్చింది. అందులో ఎనిమిది చీటీలు ఉన్నాయి. అన్నీ చిక్కడపల్లిలో ఒక లేడీ డాక్టర్ క్లినిక్‌వి. అన్నింటిలోనూ అవే మందులు: రక్తం ఆగడానికి ఒకటి, బలానికి ఒకటి, తెల్లబట్టకు ఒకటి.

"ఒక్కసారన్న లోపల చూసిందా అక్కా?"

"సూసుడేంది? బల్ల అవతల కూసొని రాసింది. నడుమ నడుమ రక్తం పడుతదన్న, తెల్లబట్ట అయితదన్న. ముట్టు ఆగే ముందల గట్లనే అయితదన్నది. రక్తం తక్కువున్నది, మంచిగ తిను అన్నది." ఆమె నవ్వింది. "ముప్పైమందికి వండేదాన్ని, నన్ను తినుమన్నది."

అప్పుడు ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. ముట్టు ఆగే వయసా అది? ఎనిమిదిసార్లు ఆ సందులో మెట్లెక్కి, టోకెన్ తీసుకుని, తన వంతు కోసం కూర్చుని, చెప్పుకోవడానికి నోరు రాని మాట చెప్పింది. ఎనిమిదిసార్లు కాగితం చేతిలో పెట్టి పంపించారు.

మర్నాడు నేనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డ్యూటీ డాక్టర్ నా వయసు అమ్మాయి. పరదా లాగి, లోపల చూసి, బయటికి వచ్చిన తీరులోనే నాకు అర్థమైంది. ముక్క తీసి పరీక్షకు పంపారు. గర్భసంచి మూతి దగ్గర మొదలై పక్కలకు పాకిందనీ, ఆపరేషన్ చేసే దశ దాటిందనీ, రేడియేషన్ ఇవ్వాలనీ రెండు వారాలకు చెప్పారు.

"ఇన్నాళ్ళు ఎక్కడున్నవమ్మా?" అని అడిగింది ఆ డాక్టర్, బాధగానే.

"ఈడనే ఉన్న" అన్నది వంటక్క. "డాక్టరమ్మ దగ్గరనే ఉన్న."

ఆ రోజు భర్త కూడా వచ్చాడు. పని మీద నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతులకు సిమెంటు ఎండి ఉంది. ఆస్పత్రి వరండాలో, చీటీల వరసలో నిలబడి ఉన్నాం. నేను చదువుకున్న దాన్నని నన్ను అడిగాడు.

"ఎట్ల వచ్చింది మేడం ఇది?"

నేను పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "వైరస్ వల్ల అన్నా. శారీరక సంబంధంతోని అంటుకుంటది."

అక్కడితో ఆపాను. పుస్తకంలో ఆ వాక్యం అక్కడితోనే అయిపోయింది మరి. అతని ముఖం మారిపోయింది. భార్య వైపు తిరిగి అంతమందిలో అడిగాడు.

"ఎవని తానకెల్లి తెచ్చుకున్నవే?"

వరసలో ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగారు. వంటక్క అతని కళ్ళలోకి చూసింది. గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచకుండా మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం.

"పెండ్లయినకాంచి నీతోనే ఉన్న. ఇటుకలు మోసిన, అన్నం వండిన, బిడ్డను కన్న. నేను తెచ్చుకునే జాగ ఒక్కటే ఉన్నది, గది నువ్వే. ఇగ నువ్వు చెప్పు, యాడికెల్లి తెచ్చినవో."

అతను వరసలోంచి తప్పుకుని వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు ఇంటికి రాలేదు.

ఆ నిప్పు పెట్టింది నేను. ఆ తర్వాత డ్యూటీ డాక్టర్ దగ్గరకు పోయి తెలుసుకున్నాను. ఆ వైరస్ జలుబంత మామూలుది. పెళ్ళయిన వాళ్ళలో ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు అంటుతుంది. చాలామందిలో ఒళ్ళే దాన్ని వదిలించుకుంటుంది. కొద్దిమందిలో పదేళ్ళు, పదిహేనేళ్ళు చప్పుడు లేకుండా ఉండి ఇలా బయటపడుతుంది. ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో చెప్పే పరీక్ష లేదు. దాన్ని చూసి మనిషి నడత చెప్పడం కుదరదు. ఈ మాటలన్నీ ఆ వరండాలో చెప్పాల్సినవి. నాలుగో రోజు రాంనగర్ పోయి అతనికి చెప్పాను. తల దించుకుని విన్నాడు. రేడియేషన్‌కు తీసుకుపోవడానికి వచ్చాడు, ప్రతిసారీ వచ్చాడు, అది మాత్రం చెప్పాలి. కానీ ఆ తర్వాత ఆమె అతనితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడగా నేను చూడలేదు.

ఇక మా హాస్టల్ సంగతి. కబురు తెలిసిన వారంలోపు హాస్టల్ మేడం ఆమెను పనిలోంచి తీసేసింది. "అంటురోగం అంటున్నరు. పిల్లల ఇంట్లవాళ్ళు అడిగితే నేనేం చెప్పాలె?" అన్నది. మేడంను ఒక్కదాన్నే అని లాభం లేదు. మాలోనే కొందరు పోయి, కొన్నాళ్ళు బయట మెస్సులో తింటామని ఆమెకు చెప్పారు. వాళ్ళకూ ఆ బిట్ వచ్చు. వైరస్ పేరు నిద్రలో అడిగినా చెప్తారు. వంటక్కను ఉంచాలని నేను రాసిన కాగితం మీద ముప్పైమందిలో పదకొండుమంది సంతకం పెట్టారు. మిగతావాళ్ళు "మనకెందుకే, పరీక్ష ముందుంది" అన్నారు. రేపు ఆఫీసర్లయి జనానికి సేవ చేస్తామని ఇంటర్వ్యూల కోసం అద్దం ముందు నిలబడి బట్టీ పట్టినవాళ్ళు.

చివరి రోజు తన గిన్నె, పీట, రెండు చీరలు తీసుకుపోవడానికి వచ్చింది వంటక్క. మధ్యాహ్నం అన్నం వేళ. కొత్త వంటామె పొయ్యి దగ్గర ఉంది. వంటక్క ఆమె చేతిలోంచి గంటె తీసుకుని మూత మీద కొట్టింది. రెండు, మూడు, నాలుగు. ఆగకుండా కొడుతూనే ఉంది. అందరం దిగి వచ్చాం.

"ఇన్నొద్దులు మీరు చెప్పిన్రు, నేనిన్న" అన్నది. "ఇయ్యాల నేను చెప్త, మీరు ఇనుండ్రి."

మాట్లాడుతూ గోడకు ఒక చేయి ఆన్చింది.

"నాకొచ్చింది నా చేతికెల్లి మీకు రాదు. అన్నంల రాదు. డాక్టరును అడిగే చెప్తున్న. ముట్టు కాని దినాల రక్తం పడితే దాసుకోకుండ్రి. మొగనితోని పన్నంక రక్తం పడితే దాసుకోకుండ్రి."

ఎవరో కిసుక్కున నవ్వారు. వంటక్క ఆ వైపు చూసింది.

"నవ్వకు. గీ సిగ్గుతోనే నేను ముందల ఆర్నెల్లు ఎవలకు చెప్పలే. తరువాత చెప్పిన, ఎవలు సూడలే. మీరు డాక్టరు దగ్గరికి పోతే చీటీ తీసుకొని లేవకుండ్రి. లోపల సూడుమని అడుగుండ్రి. సూడనంటే ఆడనే కూసోండ్రి, కొట్లాడుండ్రి. ఏం నొప్పి లేకున్న, ముప్పై ఏండ్లు దాటితే పోయి పరీక్ష చేపిచ్చుకోండ్రి. పెండ్లికి ముందల్నే ఏసే సూది ఉన్నదంట. మీ సెల్లెండ్లకు, మీకు పుట్టబోయే బిడ్డలకు ఏపిచ్చుండ్రి."

అప్పుడే మేడం గుమ్మంలోకి వచ్చింది. "ఏందమ్మా గీ మాటలు, పెండ్లికాని పిల్లల ముందల?"

"పెండ్లికాని పిల్లల ముందలనే చెప్పాలె మేడం. పెండ్లయి, పిల్లలు పుట్టి, గర్భసంచి కుళ్ళినంక చెప్తే ఏం లాభం?"

గంటెను కొత్త వంటామె చేతిలో పెట్టి, పీట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. బయట మెస్సుకు పోతామన్నవాళ్ళు కూడా ఆ పూట కూర్చుని తిన్నారు.

రేడియేషన్ సగంలో ఉండగానే బిడ్డను గురుకులం నుంచి సెలవులకు పిలిపించింది. ఆ పిల్లకు అప్పుడు పన్నెండేళ్ళు. టీకా ప్రైవేటులోనే దొరికేది, ఆమె సంపాదనకు అందేది కాదు. కాగితం మీద సంతకం పెట్టిన పదకొండుమందిమి తలాకొంచెం వేసుకున్నాం. ఆమె మాకు దండం పెట్టలేదు. "మంచి పని చేసిన్రు" అన్నది, అంతే. భర్త వద్దన్నాడు. ఆ సూది ఎందుకు వేస్తారో బస్తీలో తెలిస్తే పిల్లను ఏమంటారో అన్నాడు. ఆమె పిల్లకు జడ వేసింది.

నారాయణగూడలో ఆస్పత్రికి నేనూ వెళ్ళాను. వంటక్క మెట్లు మూడెక్కి ఆగేది, మళ్ళీ మూడెక్కేది. పిల్ల సూదిని చూసి, "ఎందుకమ్మా నాకు, నాకేం జరం లేదు గదా" అన్నది. ఇంకో తల్లి అయితే బలానికని చెప్పేది. వంటక్క పిల్ల గదవ పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"నాకేమొచ్చిందో తెలుసు గదా నీకు? గది నీకు రావద్దని."

పిల్ల భుజం చాచింది. ఆరు నెలలకు రెండో సూది పడింది, దానికీ తనే తీసుకొచ్చింది.

ఇప్పుడు ప్రభుత్వమే ఆడపిల్లలకు ఈ టీకా వేయిస్తుందన్న మాట వింటున్నాను. మా ఆఫీసులో ఒకాయన టీ తాగుతూ, "మా పాపకెందుకండీ, మా ఇంట్లో అలాంటి వాతావరణం కాదు" అన్నాడు. ఎలాంటి వాతావరణం? ఇరవై ఏళ్ళు ఒకే మగవాడికి వండిపెట్టి చచ్చిపోయిన ఆడదాని వాతావరణమా? కప్పు బల్ల మీద పెట్టి వచ్చేశాను. అక్కడే అనాల్సింది.

రేడియేషన్ తర్వాత మూడేళ్ళు బాగానే ఉంది. గాంధీనగర్‌లో ఒక చిన్న మెస్సులో వంటకు కుదిరింది. నాకు ఉద్యోగం వచ్చి జిల్లాకు పోయాను, పెళ్ళయింది, మళ్ళీ హైదరాబాద్ బదిలీ అయింది. అప్పుడప్పుడు ఫోన్ చేసేది. ఏ ఊళ్ళో ఏం వండుకుని తింటున్నానో అడిగి తిట్టేది. పోయిన ఏడాది అది మళ్ళీ వచ్చింది. ఈసారి మూత్రపిండాల దాకా పోయింది. చివరిసారి నేను చూడటానికి పోయినప్పుడు బిడ్డ పక్కన కూర్చుని ఇంటర్ పుస్తకం పైకి చదువుతోంది, తల్లి కళ్ళు మూసుకుని వింటోంది. అర్థం కానిచోట వేలు ఎత్తి ఆపించి, మళ్ళీ చదివించుకుంటోంది. వంటక్కకు నలభై మూడేళ్ళు. అన్నీ దొరికే ఊళ్ళో, రెండు కిలోమీటర్లు పోతే నాలుగు ఆస్పత్రులుండే ఊళ్ళో పోయింది.

పదకొండో రోజు కూడా అయ్యాక నేను చిక్కడపల్లిలో ఆ క్లినిక్‌కు వెళ్ళాను. టోకెన్ తీసుకుని, ఆమె ఎనిమిదిసార్లు కూర్చున్న బెంచీ మీదే నా వంతు కోసం కూర్చున్నాను. డాక్టర్ అరవై దాటిన మనిషి. మెత్తని గొంతు.

"చెప్పమ్మా, ఏం ఇబ్బంది?"

ఫోన్‌లో అప్పట్లో తీసి దాచిన చీటీల ఫొటోలు చూపించాను. కళ్ళజోడు సరిచేసుకుని ఒక్కొక్కటీ చూసింది.

"ఈమె ఇప్పుడెలా ఉంది?"

"పోయింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. మీ దగ్గరికి వచ్చినప్పుడే ఉంది."

ఆమె ఫోన్ నా వైపు జరిపింది. "వీళ్ళు లోపల పరీక్షకు ఒప్పుకోరమ్మా. సిగ్గుపడతారు."

"మీరు అడిగారా?"

"బయట ఎంతమంది ఉన్నారో చూశావు కదా. రోజూ ఇంతే."

"ఎనిమిదిసార్లు వచ్చింది డాక్టర్. ఒక్కసారి అడిగారా?"

నా గొంతు పెరిగింది. బయట బెంచీ మీదివాళ్ళు తలుపు సందులోంచి చూస్తున్నారు. డాక్టర్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. అడిగానని అనలేదు. అడగలేదని కూడా అనలేదు. "నీ వయసెంత?" అన్నది.

"ముప్పై రెండు."

"పెళ్ళయింది కదా. నువ్వు చేయించుకున్నావా ఆ పరీక్ష?"

తప్పించుకోవడానికే అడిగి ఉండొచ్చు. కానీ వంటక్క ఫోన్‌లో రెండుసార్లు అడిగింది ఈ మాట. ఆఫీసులో తీరిక లేదని ఒకసారి చెప్పాను, వచ్చే నెల పోతానని ఒకసారి చెప్పాను. నాకు సెలవులున్నాయి. హెల్త్ కార్డ్ ఉంది. వైరస్ పేరు తెలుసు, లక్షణాలు తెలుసు, దాంతో మనిషి ఎలా పోతుందో దగ్గరుండి చూశాను. నన్ను ఎవరూ ఆపలేదు. అయినా పోలేదు.

"చేసేదా ఇప్పుడు?" అన్నది డాక్టర్.

"మీ చేత వద్దు" అన్నాను. తలుపు దగ్గర ఆగి, "ఇకనుంచి అడగండి. అడిగాక ఒప్పుకోకపోతే, అప్పుడు చెప్పండి ఒప్పుకోరని" అన్నాను. ఆమె ఏమన్నదో వినలేదు.

ఆ శనివారం నారాయణగూడలో ఒక ఆస్పత్రికి వెళ్ళాను. కౌంటర్ దగ్గర పేరు రాసుకున్నారు. లోపల ఒక నర్సు పరదా లాగి, బల్ల మీద పడుకోమన్నది. మోకాళ్ళు మడవమన్నది. "కొంచెం చల్లగా తగులుతుంది, ఊపిరి వదలండి" అన్నది. ఇంకో డాక్టర్ వచ్చి చిన్న బ్రష్ లాంటిదానితో ఏదో తీసి, సీసాలో వేసి, మూత పెట్టి వెళ్ళిపోయింది.

"అయిపోయిందమ్మా, లేవండి" అన్నది నర్సు.

"అంతేనా?"

"అంతే. రిపోర్ట్ వచ్చాక ఫోన్ చేస్తాం."

నేను లేవలేకపోయాను. అన్నం వడ్డించినంతసేపు కూడా పట్టలేదు. ఆ చిక్కడపల్లి డాక్టర్ బల్ల అవతలి నుంచి లేచి నాలుగడుగులు వేసి ఒక పరదా లాగితే అయ్యే పని ఇది. నా కళ్ళ వెంట నీళ్ళు చెవుల్లోకి పోతున్నాయి. నర్సు కంగారుపడింది.

"నొప్పయిందా అమ్మా?"

"లేదు."

"తొందరేం లేదు, కాసేపు అట్లనే పడుకోండి."

"తొందరుంది" అన్నాను. బయట బెంచీ మీద ఇంకో ఆమె తన వంతు కోసం కూర్చుని ఉంది. దిగి బల్ల ఖాళీ చేశాను.